వేసవి సెలవుల నివారణకు కరదీపిక

పదో తరగతి ఆఖరి పరీక్ష రాసి వచ్చిన పిల్లాడు బూట్లు విప్పేలోపే వాడి వేసవిని ఎవరికో ఒకరికి అప్పజెప్పేయాలి. ఆలస్యం చేశారో, మధ్యాహ్నం నిద్రపోతాడు, సాయంత్రం క్రికెట్ ఆడతాడు, రెండో వారానికల్లా తనకు తోచిందేదో చదవడం మొదలుపెడతాడు. అక్కడిదాకా రానివ్వకూడదు.

సీటు కోసం మీరు తిరగక్కర్లేదు, సీటే మీ కోసం తిరుగుతుంది. సంక్రాంతి దాటగానే ఇంటర్ కాలేజీ పీఆర్వో ఫోన్ చేస్తాడు. మీ పేరు, మీవాడి స్కూలు, ప్రీఫైనల్ మార్కులు ఆయనకు నోటికొచ్చు. ఎలా తెలిశాయని అడగడం మర్యాద కాదు. "సార్, మీకోసం ఒక్క సీటు ఆపించిన" అంటాడు. ఆ ఒక్క సీటునే మీ గల్లీలో ఇంకో నలుగురికి కూడా ఆపించి ఉంటాడు, పట్టించుకోకండి. ఫీజు మాత్రం బేగంబజార్‌లో స్టీలు గిన్నె బేరమాడినట్టే ఆడండి. మొదట చెప్పిన అంకెకు తలూపేవాడు హైదరాబాదీయే కాదు.

అమెరికాలో ఉన్న మీ బామ్మర్ది పిల్లలు వెళ్లేదాన్ని సమ్మర్ స్టెమ్ ప్రోగ్రాం అంటారు. కాలేజీ హాస్టల్లో ఉంటూ, జవాబు ఇంకా ఎవరికీ తెలియని ప్రశ్న ఒకటి పట్టుకుని వారాల తరబడి కుస్తీ పడతారట. మన దగ్గర దాన్ని బ్రిడ్జి కోర్సు అంటారు. ఇక్కడ ఆ తిప్పలు లేవు. ప్రశ్న పూర్తిగా చదవకముందే ఏ ఆప్షనో చెప్పడం నేర్పిస్తారు.

చట్టం సంగతికొద్దాం. ఇంటర్మీడియట్ బోర్డు ఆఫీసు నాంపల్లిలోనే ఉంది. ఏటా వేసవి రాగానే అక్కణ్నుంచి ప్రకటన వెలువడుతుంది: మే ఆఖరుదాకా సెలవులు, క్లాసులు నడిపితే చర్యలు తప్పవు, షెడ్యూలు రాకముందు అడ్మిషన్లు చేయరాదు. ఆ ప్రకటనను అక్షరాలా గౌరవించండి. మీవాడు వెళ్తున్నది క్లాసులకు కాదు, 'ఓరియెంటేషన్'కు. మీరు కట్టింది అడ్మిషన్ ఫీజు కాదు, 'రిజర్వేషన్'. రసీదు మీద కాలేజీ పేరు బదులు ఏదో ఎడ్యుకేషనల్ సొసైటీ పేరు కనిపిస్తే దాన్ని మడిచి బీరువాలో పెట్టేయండి.

క్యాంపస్ అంటే చెట్లు, మైదానం అనుకునే రోజులు పోయాయి. ఐదంతస్తుల బిల్డింగు చాలు: కింద మెస్సు, నడుమ క్లాసులు, పైన మంచాలు. మెట్లు దిగితే కాలేజీ, ఎక్కితే హాస్టల్. పొద్దున్నే స్టడీ అవర్‌తో మొదలై రాత్రి స్టడీ అవర్‌తో ముగుస్తుంది కాబట్టి పిల్లాడి మీద ఎండ పొడ పడదు. మే నెలలో నలభై డిగ్రీలు దాటే ఊళ్లో ఇదేం చిన్న సౌకర్యమా? అమ్మాయిలైతే మరీ నిశ్చింత, కిటికీలకు రెండో వరస ఊచలు కూడా ఉంటాయి. ల్యాబు చూపించమని మాత్రం అడగకండి. ప్రాక్టికల్ పరీక్షలు ఫిబ్రవరిలో కదా, అప్పటికి తాళంచెవి దొరుకుతుంది.

ఇక ట్రంకుపెట్టె, తాళం, బకెట్, మగ్గు, దుప్పటి. వీటికోసం అబిడ్స్ వైపు బయల్దేరినప్పుడే చాలామంది తల్లిదండ్రులు దెబ్బతింటారు. పొరపాటున కూడా ఆదివారం వెళ్లకండి. ఆ రోజు మూసిన షట్టర్ల ముందు ఫుట్‌పాత్ పొడవునా పాత పుస్తకాలు పరిచి ఉంటాయి. అట్ట ఊడిన రెస్నిక్-హాలిడే, ఇరొదోవ్, ఎవరో పెన్సిల్‌తో లెక్క తప్పు చేసి, కొట్టేసి, మళ్లీ చేసిన కాలిక్యులస్. అదృష్టం బాగాలేకపోతే ఒకప్పుడు విశాలాంధ్ర పుస్తకాల షాపులో కారుచౌకగా దొరికిన మీర్ ప్రచురణల పెరెల్మాన్ కూడా. వాడు వాటి ముందు గొంతుక్కూర్చున్నాడా, ఇక లేవడు. బలవంతంగా లేపి కోఠి వైపు నడిపిస్తే గుజరాతీ గల్లీ తగులుతుంది. రెసిస్టర్లు, ఎల్ఈడీలు, మోటార్లు చూస్తాడు, సోల్డరింగ్ ఐరన్ కొనిపెట్టమంటాడు. కొనిస్తే డైనింగ్ టేబుల్ కాలుస్తాడు, మీ పాత రేడియో విప్పుతాడు. అది మళ్లీ పలికిందంటే మీ పని అయిపోయినట్టే. ఆ తర్వాత ఏ మెటీరియల్ ఇచ్చినా వాడికి ఎక్కదు.

నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ ఇంకా ప్రమాదం. అక్కడి జవహర్ బాలభవన్‌లో వేసవి శిబిరానికి ఫీజు నామమాత్రం. నామమాత్రపు ఫీజుకు నామమాత్రపు చదువే కదా వచ్చేది! ఆ ఆవరణలోని స్టేట్ మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ ఉంది. అన్ని వేల ఏళ్లు ఎందుకు కుళ్లలేదని అడుగుతాడు. మీ దగ్గర జవాబుండదు. కాస్త ముందుకెళ్తే నౌబత్ పహాడ్ మీద 1985 నాటి బిర్లా ప్లానెటేరియం, పక్కనే సైన్స్ మ్యూజియం. అందులో ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర తవ్వి తీసిన డైనోసార్ ఎముకల గూడు నిలబెట్టారు. దాని శాస్త్రీయ నామం కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్. మన పల్లెటూరి పేరు ప్రపంచమంతా పలికే డైనోసార్ పేరులో చేరింది సరే, జేఈఈలో అడుగుతారా?

ఉచితంగా జరిగే శిబిరాల జోలికి పోకండి. ఇస్రో 2019లో యువిక అని ఒకటి మొదలుపెట్టింది. తొమ్మిదో తరగతి పిల్లల్ని ఎంపిక చేసి మే నెలలో రెండు వారాలు తన కేంద్రాల్లో ఉంచుకుని, శాస్త్రవేత్తలతో పాఠాలు చెప్పించి, ల్యాబులు చూపిస్తుంది. తిండి, వసతి, రానుపోను ఖర్చులు అన్నీ దానివే. ఎంపికలో ఎనిమిదో తరగతి మార్కులకు సగం వెయిటేజీ, పల్లెటూరి బడి పిల్లలకు అదనంగా కొంత. ఒలింపియాడ్ పరీక్షల్లో గెలుచుకుంటూ పోతే ముంబైలోని హోమీ భాభా సెంటర్ కూడా వేసవి శిబిరానికి పిలుస్తుంది. అమెరికాలో అణు జలాంతర్గాముల అడ్మిరల్ రికోవర్ స్థాపించిన సంస్థ 1984 నుంచి ఎంఐటీ లాంటి చోట ఆరు వారాల పరిశోధన శిబిరం నడుపుతోంది. దానికీ ఫీజు లేదు. అన్నిటికీ ఒకటే లోపం. ఎంత కట్టారని వియ్యంకుడు అడిగితే, ఏమీ కట్టలేదు, రైలు చార్జీలు కూడా వాళ్లే ఇచ్చారని ఏ మొహం పెట్టుకుని చెబుతారు?

విదేశీ వేసవే కావాలంటే లక్షలు పోసి పంపేవి కావలసినన్ని ఉన్నాయి. చాలావాటిలో యూనివర్సిటీది గది మాత్రమే, నడిపేది వేరే కంపెనీ. అక్కడ పడుకున్నంత మాత్రాన అక్కడ సీటు రాదు. అయితేనేం, ఫొటోలో గోపురం పడుతుంది.

జూన్ మొదట్లో కాలేజీలు తెరుస్తారు. లెక్కల సారు బోర్డు మీద 'ప్రమేయాలు' అని రాస్తాడు. తొమ్మిదిలో ఫౌండేషన్‌లో ఒకసారి, ఏప్రిల్‌లో బ్రిడ్జిలో ఒకసారి చదివేశాడు గనుక మీవాడు తల కూడా ఎత్తడు. దాన్ని ఏకాగ్రత అనుకోండి.

మీ రెండో సంతానం తొమ్మిదిలో ఉంటే, ఈ కరదీపికను పక్కన పడేసి ఇంకో మాట వినండి. యువిక దరఖాస్తులు ఈమధ్య ఏళ్లలో ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఇస్రో వెబ్‌సైట్‌లోనే తీసుకుంటున్నారు. ఎవరూ ఇంటికొచ్చి చెప్పరు, మీరే చూసుకోవాలి.