నడుము పాపం, నరుకుడు ఫర్వాలేదు

మన విశ్వాసులు సినిమాకు పోరు. మిర్యాలగూడ నుంచి మక్తల్ దాకా ఏ సంఘంలోనైనా సరే, బాప్తిస్మం తీసుకున్నవాడు టికెట్ కౌంటర్ దగ్గర కనబడితే ఆదివారానికల్లా ఆ కబురు పాస్టరయ్య చెవిన పడుతుంది. వాక్యం మధ్యలో ‘మనలో కొందరు’ అని ఒక మాట దొర్లుతుంది. ఆ కొందరెవరో ముందు వరసకు తెలుసు, వెనక వరసకు ఇంకా బాగా తెలుసు. అందుకని మనవాళ్లు తెలివైన పని చేశారు. హాలుకు పోవడం మానేసి హాలునే ఇంటికి రప్పించుకున్నారు.

ఆదివారం మధ్యాహ్నం ఒక సంఘపెద్ద ఇంటికి పోదాం రండి. ఫ్రిజ్ మీద జిప్పు బైబిలు, కంచాల్లో కోడికూర, టీవీలో సినిమా. పాట మొదలైంది. హీరోయిన్ నడుము ఇంకా పూర్తిగా తెరకెక్కనే లేదు, పెద్దాయన ఉలిక్కిపడ్డాడు. “బిడ్డా, గా పాట తీసెయ్. ఆడపిల్లలున్నరు.” చిన్నోడు ముందుకు జరిపాడు. గొడ్డలి వచ్చింది. ఒకడి మెడ, ఇంకొకడి చెయ్యి, కెమెరా అద్దం మీద ఎర్రటి చినుకులు. “ఆఁ, గిక్కడాపు. జెర ఆవాజ్ పెంచు.” నాయనమ్మ ఏడేళ్ల మనవరాలి నోట్లో ముద్ద పెట్టింది. ఆ పిల్ల తెర మీంచి చూపు తిప్పకుండానే నమిలింది. ఇలాంటి నరుకుడు సినిమాయే ‘సలార్’, 2023 డిసెంబర్ 22న, క్రిస్మస్‌కి మూడు రోజుల ముందు వచ్చింది. సెన్సార్ వాళ్లు పెద్దలకు మాత్రమే అని సర్టిఫికెట్ ఇచ్చారు. మన ఇళ్లల్లో ఆ పెద్దలకు ఇంకా పాలపళ్లే ఊడలేదు.

అడిగితే యూత్ దగ్గర జవాబు సిద్ధం: “బైబిల్లో లేదా అన్నా హింస?” ఎందుకు లేదు తమ్ముడూ! యాయేలు సీసెరా కణతలో గుడారపు మేకు దిగ్గొట్టింది. న్యాయాధిపతుల గ్రంథం పందొమ్మిదో అధ్యాయం చదివితే రాత్రి నిద్ర పట్టదు. కానీ ఆ అధ్యాయం చదివి ఈల వేసినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. అది రాసినవాడు ఈల కోసం రాయలేదు. సువార్తలు రాసినవాళ్లు యేసుకు పడ్డ కొరడా దెబ్బల సంగతి ఒక్క ముక్కలో చెప్పి ముందుకు పోయారు. 2004లో మెల్ గిబ్సన్‌కి ఆ ఒక్క ముక్క చాలలేదు, తన సినిమాలో నిమిషాల తరబడి తోలు ఊడదీసి చూపించాడు. మనం ఆ సినిమాను గుడ్ ఫ్రైడే నాడు ప్రొజెక్టర్ పెట్టి వేస్తున్నాం. సిస్టర్లు కన్నీళ్లు పెట్టుకుంటారు, సరే. వెనక కూర్చున్న పోరగాళ్లు మాత్రం రక్తం ఒరిజినల్‌గా ఉందా, గ్రాఫిక్సా అని వాదులాడుకుంటారు. వాళ్ల కంటికి ఆ శిక్షణ ఎవరిచ్చారో ఇప్పుడే ఆ కోడికూర ఇంట్లో చూసి వచ్చాం.

ఇందులో ఒక విడ్డూరం ఉంది. ఈ నేల మీద సువార్త చెప్పడానికి వచ్చిన దొరలు ఎవరనుకున్నారు? 1890 ప్రాంతంలో నల్లగొండలో దిగిన అబ్రహాం ఫ్రీజన్ రష్యా నుంచి వచ్చిన మెన్నోనైట్ బ్రదరన్ (ఎం.బి.) మనిషి. తర్వాత పాలమూరు, దేవరకొండ, గద్వాల, వనపర్తి అంతా ఎం.బి. సంఘాలు వెలిశాయి, జడ్చర్లలో ఆస్పత్రి లేచింది. ఆ మెన్నోనైట్లు కత్తి పట్టం, తుపాకీ ముట్టం అని ఒట్టు పెట్టుకున్న జాతి. రష్యా చక్రవర్తి పట్టాళంలో చేరాలన్నప్పుడు వేలమంది ఇల్లూ పొలం వదిలి సముద్రం దాటి పోయారు. ఉండిపోయినవాళ్లు తుపాకీకి బదులు అడవుల్లో చెట్లు నాటి సర్కారు సేవ చేశారు. వాళ్ల పేరు ఇంకా మన మందిరాల బోర్డు మీద ఉంది. బోర్డు కింద నిలబడి మన యూత్ లీడరు కన్వెన్షన్ ప్రోమో ఎడిట్ చేస్తుంటాడు: దైవజనుడు కారు దిగుతుంటాడు, స్లో మోషన్, వెనక మాస్ హీరో బీజీఎం. చేతిలో కత్తి ఒక్కటే తక్కువ.

బీజీఎం అంటే గుర్తొచ్చింది. పదహారు వందల ఏళ్ల కిందటే సంఘ పితరుడు ఆగస్టీన్ తన స్నేహితుడు అలిపియస్ కథ రాసి పెట్టాడు. రోములో మనుషులు మనుషుల్ని చంపే ఆట. దోస్తులు బలవంతంగా లాక్కుపోతే, నా ఒళ్లే ఇక్కడుంటుంది, మనసుండదు అని కళ్లు గట్టిగా మూసుకు కూర్చున్నాడు. ఎవడో కూలాడు, జనం ఒక్కసారిగా అరిచారు, ఇతని కళ్లు తెరుచుకున్నాయి. ఇక మూతపడలేదు. తర్వాత తనే మరికొందర్ని వెంటబెట్టుకు పోయాడు. చెవులు కూడా మూసుకోవాల్సింది కదా అని వాపోయాడు ఆగస్టీన్. డాల్బీ పెట్టె ఇంట్లో పెట్టుకున్న మనకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు పాపం.

ఇక నవ్వు కాసేపు పక్కన పెడదాం. 2018 సెప్టెంబర్ 14, మిర్యాలగూడ. పేరు చెప్పక్కర్లేదు, ఊరు చెబితే చాలు. దళిత క్రైస్తవ కుటుంబం కుర్రాడు, గర్భవతి అయిన భార్యతో ఆస్పత్రి నుంచి బయటికి వస్తుంటే వెనకనుంచి వేటు పడింది. కులం దాటి పెళ్లి చేసుకున్నందుకు సుపారీ ఇచ్చి చంపించారు. సీసీ కెమెరాలో పడింది. చానెళ్లు తిప్పి తిప్పి చూపించాయి. మన సంఘాల వాట్సాప్ గ్రూపుల్లోకీ వచ్చింది, ఎంత భక్తిగా వచ్చిందంటే: ‘ప్రేయర్ పాయింట్. ఈ కుటుంబం కొరకు ప్రార్థించండి. వీడియో చివరి వరకు చూడండి.’ కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. ఎన్ని ఆమెన్‌లో! మనవాడి చావు మనకు సినిమా అయిపోయింది, టికెట్ లేని సినిమా. ఫస్ట్ షో చూసినవాడే సెకండ్ షో వేశాడు.

మనమే అలా చూస్తే రామ్‌గోపాల్ వర్మ ఊరుకుంటాడా? ఆ హత్య మీదే సినిమా తీసి 2020 ఫాదర్స్ డే నాడు ‘మర్డర్’ అని పోస్టర్ వదిలాడు. గొడవ కోర్టుల దాకా పోయింది. సినిమా డిసెంబర్ 24న విడుదలైంది, మనం క్యాండిల్ లైట్ సర్వీసుకు మైకు సరిచేసుకుంటున్న రోజున. మనకు సినిమాల మీద కోపం రాదని కాదు. 2006లో ‘డా విన్సీ కోడ్’ మీద మనవాళ్లు రోడ్డెక్కితే ఏకంగా ప్రభుత్వమే నిషేధించింది, తర్వాత హైకోర్టు కొట్టేసింది అది వేరే ముచ్చట. యేసుకు పెళ్లయిందని ఎవరో కథ అల్లితే మన విశ్వాసం గాయపడింది. యేసును నమ్మిన ఇంటి పిల్లవాడి మెడ మీద పడ్డ కత్తిని వినోదం చేస్తే మన విశ్వాసానికి చీమ కుట్టలేదు.

ఆ మిర్యాలగూడ హత్య కేసులో 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు తీర్పు చెప్పింది. ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం. ఆ రోజు పాత ఫుటేజీ మళ్లీ తెర మీదికి వచ్చింది, మళ్లీ ఫోన్లలో తిరిగింది.

పాస్టరయ్యలూ, వందనాలు. వచ్చే ఆదివారం సినిమా హాలు మీద వాక్యం చెప్పకండి, అక్కడికి మనవాళ్లు ఎలాగూ పోవడం లేదు. ఆ వీడియో ఇంకా ఫోన్లో ఉన్నవాళ్లు అక్కడే, మందిరంలోనే, తీసేయమని చెప్పండి. మొదట మీ ఫోన్ చూసుకోండి.