క్లిప్‌బోర్డు బాబాయ్

శాన్‌హోసే చుట్టుపక్కల ఏ ఇండియన్ కిరాణా కొట్టుకైనా ఆదివారం పొద్దున్నే వెళ్లండి. కరివేపాకు అయిపోయి ఉండొచ్చు గానీ క్లిప్‌బోర్డు బాబాయ్ మాత్రం ఉంటారు. బండ్లు వరసగా పెట్టే చోట, కాస్త నీడ చూసుకుని, నెత్తిన టోపీ, మెళ్లో తాడుకి కట్టిన పెన్ను. ఇలాంటి బాబాయ్‌లు ఊరికొకరు ఉంటారు. మా ఊరి బాబాయ్ రిటైరైన ఇంజనీరు. మోకాళ్ల నొప్పులని గుడిలో కుర్చీ వేయించుకునే మనిషి, ఇక్కడ మాత్రం నాలుగు గంటలు నిటారుగా నిలబడతారు.

మన దగ్గర పిటిషన్ అంటే కలెక్టరుగారికి ఇచ్చుకునే అర్జీ. ఇక్కడ కాలిఫోర్నియాలో అలా కాదు. ఊళ్లో రిజిస్టరైన ఓటర్లలో నూటికి పది మంది సంతకం పెడితే, మామూలు జనం రాసుకున్న చట్టం బ్యాలట్ దాకా వెళ్లగలదు. 1911లో రైల్వే కంపెనీల పెత్తనం విరగ్గొట్టాలని గవర్నరు హైరమ్ జాన్సన్ తెచ్చిన ఏర్పాటు ఇది. బాబాయ్‌కి ఈ పిచ్చి పట్టింది 2003లో. జనం సంతకాలు పెట్టి గవర్నరు గ్రే డేవిస్ పదవికే ఎసరు పెట్టిన ఏడాది. ఆయన స్థానానికి 135 మంది పోటీ పడ్డారు, ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ గెలిచాడు. నాటి శాంపిల్ బ్యాలట్ పుస్తకం బాబాయ్ పూజగది అలమరలో పంచాంగం పక్కనే ఉంటుంది.

ఆయన ఎవరినీ ఊరికే సంతకం అడగరు. పెళ్లిచూపుల్లో గోత్రం ఆరా తీసినట్టు ముందు అర్హత తేలుస్తారు. "ఈ ఊళ్లోనేనా బాబూ ఉండేది? సిటీ లిమిట్స్ లోపలా, బయటా? సిటిజన్‌షిప్ వచ్చిందా? ఓటు రిజిస్టర్ చేయించారా? ఆ తర్వాత ఇల్లేమైనా మారారా?" ఇండియన్ కొట్టు ముందు ఈ ప్రశ్నలకి వచ్చే జవాబులేమిటో మీకు తెలుసు. వచ్చేవాళ్లలో చాలామంది వీసాల మీద ఉన్నవాళ్లే. "గ్రీన్‌కార్డుకి నాది 2015 ప్రయారిటీ డేటు బాబాయ్‌గారూ" అని ఒకడు మొదలుపెడితే అరగంట గోవిందా. బాబాయ్ అంతా విని, "వస్తుంది నాయనా, వచ్చాక నాకోసారి కనపడు" అని వీపు తట్టి పంపిస్తారు.

అర్హత ఉన్నవాడు దొరికితే ఇంకో చిక్కు. "దేని గురించండీ ఇది?" అని వాడు అడుగుతాడు. బాబాయ్ నోరు విప్పరు. కాగితం పైభాగం మీద వేలు పెట్టి చూపిస్తారు.

"చదువుకోండి. సిటీ అటార్నీ రాసిన సారాంశం. 500 మాటలకి మించకూడదని రూలు. నేను చెబితే నా అభిప్రాయం కలుస్తుంది."

పెరుగు డబ్బాకి వచ్చినవాడు నడివీధిలో నిలబడి 500 మాటలు చదువుతాడా? సెల్‌ఫోను చెవికి ఆనించుకుని లోపలికి జారుకుంటాడు. పది అడుగుల అవతల మరో కుర్రాడు ఉంటాడు. సంతకానికి ఇంత అని డబ్బు తీసుకుని పనిచేసే రకం. గడువు దగ్గరపడేకొద్దీ వీళ్ల రేటు పెరుగుతుంది. "అద్దెలు తగ్గాలా వద్దా? అయితే ఇక్కడ పెట్టండి!" అంతే, అయిదు సెకన్లలో సంతకం. అతను ఎండలో మాడుతుంటే బాబాయే ఫ్లాస్కులోంచి మజ్జిగ పోసి ఇస్తారు. పనిలో పనిగా అతని కాగితాల్లో తప్పులూ దిద్దిపెడతారు.

సంతకం పెట్టేటప్పుడు ఆయన చూసే చూపు భరించడం కష్టం. ప్రతి సంతకమూ నా కళ్ల ముందే పడింది అని సేకరించినవాడు కింద ప్రమాణం చేసి రాయాలి, అబద్ధమైతే నేరం. అందుకని మీ పేరు పూర్తయ్యేదాకా ఆయన రెప్ప వేయరు. ఒకాయన ఉత్సాహపడి "మా ఆవిడది కూడా నేనే గీకేస్తాలెండి, ఆవిడ కాదనదు" అన్నాడు. బాబాయ్ చటుక్కున క్లిప్‌బోర్డు గుండెకి హత్తుకున్నారు. "ఆవిడ పేరు, ఆవిడ అడ్రసు ఆవిడే రాయాలి. నలభై ఏళ్ల కాపురమైనా సరే!"

డూప్లికేట్ అన్న మాట వింటే ఆయనకి జ్వరం వస్తుంది. రాష్ట్ర స్థాయి పిటిషన్లలో సంతకాలన్నీ చూడరు, ముందు నూటికి మూడు చొప్పున తీసి పరీక్షిస్తారు. ఆ శాంపిల్‌లో ఒకే మనిషి రెండు సార్లు కనపడితే, మొత్తం మీద అలాంటివి ఎన్ని ఉంటాయో లెక్కగట్టి, ఆ ఒక్కదానికే వెయ్యికి పైగా సంతకాలు కోసేస్తారు. ఈ లెక్క ఆయన మా అబ్బాయికి బర్త్‌డే పార్టీలో కేకు ప్లేటు వెనక వేసి చూపించారు. వాడి స్నేహితులు ఇప్పటికీ ఆయన కనపడితే పక్క సందులోకి మళ్లుతారు.

ఓసారి కొట్టు మేనేజరు బయటికొచ్చి ఇక్కడ నిలబడొద్దన్నాడు. మేమంతా బాబాయ్ సత్తా చూద్దామని చుట్టూ చేరాం. ఆయన గొంతు సవరించుకుని ప్రూన్‌యార్డ్ కేసు ఎత్తారు. మా పక్కనే ఉన్న క్యాంప్‌బెల్‌లోని మాల్ అది. స్కూలు పిల్లలు అందులో సంతకాలు సేకరిస్తుంటే వెళ్లగొట్టారు, 1980లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి పిల్లలే గెలిచారు. మేనేజరు ముఖం వాడిపోయింది. మేం చప్పట్లు కొట్టబోతున్నాం. అప్పుడు బాబాయ్ చల్లగా, "కానీ 2012లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు, విడి కొట్టు గుమ్మం ముందు ఆ హక్కు వర్తించదంది. కాబట్టి మీరన్నదే రైటు" అని టోపీ సర్దుకుని పేవ్‌మెంటు మీదికి వెళ్లిపోయారు. ఇలాంటి లాయరుని పెట్టుకుంటే ఎదుటి పార్టీకి ఫీజు ఖర్చు ఉండదు.

ఎన్నికలు దగ్గరపడితే క్లిప్‌బోర్డు కారెక్కుతుంది, టేపు దిగుతుంది. ఇళ్ల ముందు గడ్డిలో పాతే ప్రచారం బోర్డులు ఆయన రెండో వ్యసనం. హైవే పక్కన పెట్టే బోర్డు 32 చదరపు అడుగులు దాటకూడదు, పోలింగుకి 90 రోజుల కన్నా ముందు పెట్టకూడదు, అయ్యాక 10 రోజుల్లో తీసేయాలి. కాలనీ అసోసియేషన్ ఉన్నచోట ఇంటి ముందు బోర్డుకి 9 చదరపు అడుగుల దాకా ఎవరూ అడ్డు చెప్పలేరు, అంతకు మించితే చెప్పొచ్చు. మా పక్కింటాయన బోర్డు కొలిచి పన్నెండు తేల్చారు. అది తను ఓటేయబోయే అభ్యర్థిదే. అయినా తలుపు కొట్టి, "మూడు చదరపు అడుగులు ఎక్కువైందండీ" అని చెప్పి వచ్చారు. చేత్తో మాత్రం ముట్టుకోరు. అవతలివాళ్ల బోర్డు పీకడం నేరమని ఆ ఉపన్యాసం వేరే ఉంది.

ఈ నిష్ఠకి మూలం గుంటూరులో ఉందని నా అనుమానం. కాలేజీ రోజుల్లో బాబాయ్ రాత్రిళ్లు సున్నం బకెట్టుతో తిరిగి, కనపడ్డ గోడ మీదల్లా తమ పార్టీకి రిజర్వుడు అని రాసినవారే. తెల్లారితే ఇంటివాడి తిట్లు, ఇంకో పార్టీ సున్నం. ఇప్పుడు ఇండియా వెళ్లినప్పుడల్లా సెంటర్లో ఫ్లెక్సీ ముందు ఆగి తల ఎత్తి చూస్తారు. "32 అడుగులు ఆ నాయకుడి మీసానికే చాలవురా" అంటారు. ఆ గొంతులో కోపం ఎంతో, అసూయ ఎంతో నాకు ఇప్పటికీ తెలీదు.

పోయినసారి సిటీ పిటిషన్‌కి గడువు 180 రోజులు. చివరి రోజుకి ముందు రాత్రి డైనింగ్ టేబుల్ మీద కాగితాలు పరిచి సరిచూస్తుంటే పిన్ని సంతకం కనపడలేదు. అడిగితే, "మీరు చదవమన్నారుగా, ఇంకా చదువుతున్నా" అంది ఆవిడ. కాసేపటికి నీళ్లు నమిలి అసలు సంగతి చెప్పింది. బాబాయ్ పిటిషన్‌కి పోటీగా తిరుగుతున్న ఇంకో పిటిషన్ మీద, మజ్జిగ తాగే కుర్రాడి దగ్గర సంతకం పెట్టేసిందట. "ఎండలో నిలబడ్డాడు పాపం, కాదనలేకపోయాను."

మేం ఊపిరి బిగబట్టాం. బాబాయ్ కళ్లజోడు తీశారు, తుడిచారు, మళ్లీ పెట్టుకున్నారు.

"అడ్రసు పూర్తిగా రాశావా? మన వీధి పేరు చివర 'కోర్టు' అని పడకపోతే ఆ పిల్లాడికి ఒక సంతకం పోతుంది."