మాహిష్మతీ నిర్గమన సూత్రం: టీకా తాత్పర్య సహితం

మూలం: "అయిపోయిందండీ. లేవండి. టోకెనేదీ?"

అవతారిక: 'బాహుబలి' రెండో భాగం విడుదలైన వారంలో, అనగా 2017 ఏప్రిల్ నెలాఖరున, సెకండ్ షో వదిలి దీపాలు వెలిగించిన పిమ్మట కూడా కుర్చీ వదలని మగనితో ఒక ఇల్లాలు పలికిన వాక్యమిది. కర్త్రి పేరు తెలియదు. ఛందస్సు వెతకరాదు. మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని మెతుకుసీమ వ్యాఖ్యాత మల్లినాథసూరి నియమం పెట్టుకున్నాడు. అంత నిగ్రహం మనవల్ల కాదు.

టీక: అయిపోయిందండీ = ముగిసినది. ఏది? సినిమా అని కొందరు, చేతిలోని పాప్‌కార్న్ అని కొందరు. 2015 జూలై 10న మొదటి భాగం వచ్చింది మొదలు దేశమంతా అడిగిన 'కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు' అన్న ప్రశ్న అని మా మతం. లేని రాజ్యంలో లేని మనిషి హత్య మీద 21 నెలలు సాగిన ఈ విచారణలో సాక్షులు తప్ప అందరూ పాల్గొన్నారు. 'అండీ' గౌరవార్థకమే అయినా ఇక్కడ విసుగే ధ్వని.

ఆక్షేపం: ఎదురుగా తెర ఖాళీగా కనిపిస్తుండగా అయిపోయిందని వేరే చెప్పాలా? ఆ పెద్దమనిషికి సినిమాకీ నిజానికీ తేడా తెలియదా?

సమాధానం: తెలుసు. కాశ్మీర ఆలంకారికుడు శ్రీశంకుకుడు చిత్రతురగ న్యాయం చెప్పాడు. బొమ్మగుర్రాన్ని చూసి పిల్లవాడు 'గుర్రం' అంటాడు. నిజం గుర్రమనీ అనుకోడు, కాదనీ అనుకోడు, అవునో కాదో అని సందేహించడు, గుర్రంలా ఉందని పోల్చడు. ఈ నాలుగింటికీ వేరైన ఎరుక అది. ప్రభాస్‌ను చూసి 'బాహుబలి' అనేవాడిదీ అదే ఎరుక. అభినవగుప్తుడి గురువు భట్టతౌతుడు ఈ వాదాన్ని ఖండించాడు గానీ, ఆయన మొదటి రోజు మొదటి ఆట చూసినవాడు కాడు.

దృష్టాంతం: సైనికులు తాటిచెట్లు వంచి, డాళ్లు చుట్టూ కప్పుకుని, ఫిరంగి గుండ్లలా కోట గోడ దాటి పడే ఘట్టం. తాడి అలా వంగదని రోజూ మోకు వేసుకుని ఎక్కే గీత కార్మికుడికి ఎవరైనా చెప్పాలా? ఈల వేసినవాళ్లలో ఆయనా ఉన్నాడు. ఆ సీను జరగదని కాగితం మీద లెక్కలు కట్టి రుజువు చేసినవారు అరసికులు. వారి లెక్క తప్పని మేమనడం లేదు.

లేవండి = ఆసనం విడువుడు. చిక్కంతా ఇక్కడుంది. భ్రాంతి హాల్లో ఉండదు, పార్కింగులో పట్టుకుంటుంది. ఆ రాత్రి స్కూటర్ స్టాండు తీయడంలో కూడా రథం కదిలించే రాజసం. 'సార్, కాస్త వెనక్కి' అన్న వాచ్‌మన్‌ను ఆ మగడు సేతుపతిని చూసినట్టు చూశాడు. (సేతుపతి తల ఏమైందో చూసినవారికి తెలుసు.) ఇంట్లో మంచినీళ్లడిగే గొంతులో ఆ గాంభీర్యం పాలబిల్లు వచ్చేదాకా ఉంటుంది.

విశేషం: మాహిష్మతి పూర్తిగా కల్పితం కాదు. రఘువంశం ఆరో సర్గలో, ఇందుమతీ స్వయంవరంలో, నర్మద ఒడ్డున ఆ నగరం ఉంది. నేటి మధ్యప్రదేశ్‌లోని మహేశ్వర్ అదేనని చాలామంది పండితుల మాట. ఆ కావ్యానికి టీక రాసినవాడు పైన చెప్పిన మల్లినాథుడే. కనుక రాజమౌళికి కొన్ని శతాబ్దాల ముందే ఆ ఊరి మీద తెలుగువాడి కలం పడింది. అయితే మహేశ్వర్ వెళ్లి భల్లాలదేవుడి కోట ఏదంటే చూపేవారుండరు. అది రామోజీ ఫిలింసిటీలో వేసిన సెట్టు.

మొదటి భాగంలోని జలపాతం సంగతి మరీ చిక్కు. కేరళలో చాలకుడి నది మీద అతిరప్పిళ్లి ఉన్నమాట నిజం, ఎత్తు సుమారు 80 అడుగులు. తెర మీద మబ్బుల్లోంచి దూకింది కంప్యూటర్ చలవ. నిజాన్నీ కల్పననూ విడదీసుకోమని బోధించేవారు ముందు ఈ నీళ్లు విడదీసి చూపాలి.

టోకెనేదీ = బండి చీటీ ఎక్కడ? ఇది శుద్ధ యథార్థం. మాహిష్మతిలో ఏనుగుకు చీటీ ఇచ్చినట్టు ఎక్కడా లేదు.

తాత్పర్యం: ఓ ప్రాణేశ్వరా! మహేంద్ర బాహుబలికి పట్టాభిషేకమైనది. నీకు తెల్లవారి తొమ్మిదింటికి ఆఫీసున్నది. కావున జేబులు వెదకుము.

పాఠాంతరం: కొన్ని ప్రతుల్లో, బండి మలుపు తిరిగాక, ఇదే కర్త్రి పేర ఇంకో వాక్యం కనిపిస్తుంది: "ఎంతైనా శివగామి తొందరపడిందండీ. కన్నకొడుకు మాట నమ్మేముందు కోడల్ని ఒక్కసారి అడగొద్దూ?" అంత మెలకువగల ఇల్లాలు ఇలా అనదు గనుక ఇది ప్రక్షిప్తమని ఒక పక్షం. శైలి ఆవిడదే, విసుగూ ఆవిడదే. ప్రక్షిప్తం కాదు.