గుంజీళ్లు ఎవరి వంతు?

2025 మార్చిలో విజయనగరం జిల్లా బొబ్బిలి మండలంలోని ఓ జిల్లా పరిషత్ హైస్కూల్లో హెడ్మాస్టరు గారు పిల్లలందరి ముందూ సాష్టాంగపడి, లేచి, చెవులు పట్టుకుని గుంజీళ్లు తీశారు. మీకు చదువు అంటడం లేదు, మిమ్మల్ని కొట్టలేం, తిట్టలేం, తప్పు మాదే అయితే శిక్షా మాకే అన్నది ఆయన గోడు. వీడియో రాష్ట్రమంతా తిరిగింది. విద్యాశాఖ మంత్రి నారా లోకేశ్ ఎక్స్‌లో ఆయన్ను మెచ్చుకున్నారు. చూసినవాళ్లలో సగం మంది పిల్లల్ని తిట్టారు, సగం మంది మాస్టారి మీద జాలిపడ్డారు, అందరూ ఎవరి పనికి వాళ్లు వెళ్లిపోయారు. ఎవరో ఒకరు గుంజీళ్లు తీశారు కదా, లెక్క చెల్లిపోయిందన్న నిశ్చింత కనిపించింది. ఆయన తర్వాత వంతు ఎవరిదని మాత్రం ఎవరూ అడగలేదు. సర్కారు బడి చదువుకు పూచీ పడాల్సినవాళ్ల వరుస చాలా పొడుగు. అందులో హెడ్మాస్టరుది మొదటి స్థానమేమీ కాదు, కాకపోతే ఎప్పుడు వెతికినా చేతికి దొరికేది ఆయనే.

పదో తరగతి ఫలితాల రోజున ఈ వరుస తలకిందులవుతుంది. శాతం పెరిగితే ఘనత పైనుంచి మొదలవుతుంది: ప్రభుత్వ సంస్కరణలు, శాఖ ముందుచూపు, కలెక్టరుగారి వంద రోజుల ప్రణాళిక. కింది మెట్టుకు చేరేసరికి మాస్టారికి మిగిలేది ఓ శాలువా. శాతం తగ్గితే మెమో నేరుగా కింది మెట్టు మీదే పడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ఉత్తీర్ణత 67.26 శాతం, 2024లో 86.69, 2025లో 81.14. ఈ ఎగుడుదిగుళ్లకు కారణం ఉపాధ్యాయుల శ్రద్ధే అయితే, ఆ శ్రద్ధ రెండేళ్లలో 19 పాయింట్లు పెరిగి, మరుసటి ఏడాదే అయిదున్నర పాయింట్లు నీరసించిందని నమ్మాలి. అదీగాక, అన్నిటికన్నా గొప్ప ఫలితాలు వచ్చింది 2020, 2021ల్లో. కరోనా పుణ్యమా అని పరీక్షలు పెట్టలేదు, అందరూ పాస్. తరగతి జరగలేదు కాబట్టి అల్లరీ లేదు, బెత్తం గొడవా లేదు, మెమోలూ లేవు. జవాబుదారీతనానికి అంతకన్నా స్వర్ణయుగం మన విద్యాశాఖ చరిత్రలో లేదు. ఆ రెండేళ్లూ బడికి దూరమైన పిల్లలే 2022లో పరీక్ష రాశారు. 67 శాతం ఎందుకొచ్చిందని పార్టీలు ఒకరినొకరు నిలదీసుకోవడంలో ఈ చిన్న సంగతి కాస్త మరుగున పడింది.

ఇక మాస్టారు పిల్లల్ని అదుపులో పెట్టలేరన్న మాట. మన ప్రభుత్వాలకే ఆ అనుమానం లేదు. 2020 మేలో లాక్‌డౌన్ సడలించి మద్యం దుకాణాలు తెరిచినప్పుడు, విశాఖ జిల్లాలో క్యూలు సరిచూడ్డానికి పంపింది బడిపంతుళ్లనే. మందుబాబుల్ని వరుసలో నిలబెట్టగల మనిషి తొమ్మిదో తరగతిని నిలబెట్టలేడా? నిలబెట్టగలడు, తరగతిలో ఉండనిస్తే. జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప బోధనేతర పనులు టీచర్లకు చెప్పొద్దని విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ అంటోంది. 2024 నవంబరులో తెలంగాణ ఇంటింటి కులసర్వేకు 36 వేలకు పైగా సెకండరీ గ్రేడ్ టీచర్లను దించి, ప్రాథమిక బడులను ఒంటిగంటకే వదిలేశారు. ఆంధ్రలో కొన్నేళ్లు టీచరు పొద్దున్నే ఫోను పట్టుకుని మరుగుదొడ్డి దగ్గరికి వెళ్లి, సిగ్నల్ అందేదాకా నిలబడి, ఫోటో ఎక్కించేవారు. తర్వాత భోజనం ఫోటో, మొహం హాజరు, అదీ సొంత ఫోనులో. ప్రభుత్వం మారాక మరుగుదొడ్డి ఫోటో తప్పింది. మిగిలిన యాప్‌లను కలిపి లీప్ అని ఒకే యాప్ చేశారు, రోగులందర్నీ ఒకే వార్డులోకి మార్చినట్టు.

దేశంలో ఒక్క టీచరుతో నడిచే బడులు లక్షకు పైగా ఉన్నాయి. కేంద్రం లెక్కల్లో వాటి సంఖ్య అన్ని రాష్ట్రాలకన్నా ఎక్కువ, 12 వేలకు పైగా, ఆంధ్రప్రదేశ్‌లోనే. అలాంటి బడిలో క్రమశిక్షణ అంటే ఏమిటో ఒక్కసారి ఊహించండి. ఒక గది, అయిదు తరగతులు. రెండో తరగతి వాళ్లకు కూడికలు చెబుతున్నంతసేపూ మిగతా నాలుగు తరగతుల వాళ్లు చేతులు కట్టుకుని నోరు మూసుకోవాలి. అంటే బడిలో గడిపే సమయంలో అయిదింట నాలుగు పాళ్లు పిల్లవాడు నేర్చుకునేది మౌనం. ఆ మౌనాన్నే మనం మంచి బడి అంటాం. ఎవడైనా పక్కవాడిని గిల్లితే క్రమశిక్షణ లోపం అంటాం. ఖాళీ పోస్టు భర్తీ చేయనివాళ్ల క్రమశిక్షణ గురించి మాట్లాడటానికి మాత్రం ఏ పీరియడూ లేదు.

బెత్తం ఉంటే ఇన్ని చిక్కులుండవు, మేమంతా దెబ్బలు తినే పైకొచ్చాం అనే పెద్దలున్నారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు, సగమే చెబుతున్నారు. దెబ్బలకు తాళలేక మూడో తరగతిలోనే బడి మానేసి గేదెల వెనక వెళ్లినవాడు ఇవాళ పత్రికలకు ఉత్తరాలు రాయడు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్ని, మనసు గాయపరచడాన్ని నిషేధించింది. మాస్టారి చేతిలోంచి బెత్తం లాక్కోవడం న్యాయమే. దాని బదులు చేతికేదైనా ఇవ్వాలని మాత్రం ఎవరికీ తోచలేదు. పిల్లవాడితో కూర్చుని మాట్లాడే కౌన్సెలరు లేడు, వెనకబడినవాడికి విడిగా చెప్పే మనిషి లేడు, ఇచ్చిందల్లా సర్క్యులర్. ప్రైవేటులో క్రమశిక్షణ చూడండి అంటారు. చూడాల్సిందే. అక్కడ కుదరనివాడి చేతిలో టీసీ పెడతారు. ఆ టీసీ పట్టుకుని వాడొచ్చేది సర్కారు బడికే, అది ఎవర్నీ కాదనకూడదు. వడపోసిన నీళ్లను, వడపోతలో మిగిలినదాన్ని పక్కపక్కన పెట్టి ఏది తేటగా ఉందని అడగడం మన ప్రత్యేకత.

ఇదంతా ఉపాధ్యాయ సంఘం కరపత్రంలా ఉందని ఎవరికైనా అనిపిస్తే, ఆ అభ్యంతరంలో పస ఉంది. 2003లో, మళ్లీ 2010లో చెప్పాపెట్టకుండా బడులకు వెళ్లిన పరిశోధకులకు దేశంలో దాదాపు నాలుగో వంతు టీచర్లు కనబడలేదు. దాన్ని ఎన్నికల డ్యూటీల ఖాతాలో వేయడానికీ లేదు, అధికారిక పనుల వాటా అందులో కొద్దిపాటిదే. జీతం ఒకటో తారీఖున, పిల్లలు కాన్వెంటులో, మాట అడిగితే సంఘం అనే టీచర్లు ఉన్నారు. కాబట్టి నిఘా పెట్టాల్సిందే కదా? ఇక్కడే మన ఊళ్లలో జరిగిన ప్రయోగం ఒకటి మనకే తెలియకుండా ఉండిపోయింది. 2005 నుంచి రెండేళ్లు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామాల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ కొన్ని సర్కారు ప్రాథమిక బడుల టీచర్లకు పిల్లల మార్కులు ఎంత మెరుగుపడితే అంత బోనస్ అన్నారు. అదీ సగటున ఏడాది జీతంలో 3 శాతమే. ఆ బడుల పిల్లలు లెక్కల్లోనూ, భాషలోనూ మిగతావాళ్లను స్పష్టంగా దాటారు. టీచర్ల గైర్హాజరు మాత్రం ఏమీ తగ్గలేదు. మారింది వచ్చినవాళ్లు చేసిన పని: అదనపు తరగతులు, హోంవర్కు, అభ్యాస పరీక్షలు. పిల్లవాడు నిరుటికన్నా ఎంత ముందుకొచ్చాడని అడిగితే పంతులు పాఠం చెబుతాడు, మొహం చూపించమంటే మొహం చూపిస్తాడు. ప్రపంచంలో అర్థశాస్త్రం చదివేవాళ్లంతా మన పల్లెల నుంచి నేర్చుకున్న ఈ సంగతిని మనం పక్కన పెట్టి కెమెరా కొన్నాం. పల్లె పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే 2024లో చూస్తే, దేశంలోని గ్రామీణ ప్రభుత్వ బడుల్లో అయిదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగింది 44.8 శాతం మంది. మిగతా సగానికి పైగా పిల్లలు కూడా ఫోటోలో చక్కగానే పడతారు.

తల్లిదండ్రుల వంతు కూడా ఉంది, ఎందుకు లేదు? బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు వాళ్లే ఉండాలని చట్టం. పిల్లవాడిని బడికి పంపడం వాళ్ల విధి అని కూడా ఉంది. 2024 ఫలితాల్లో ఆంధ్రప్రదేశ్‌లో మొదట నిలిచింది పార్వతీపురం మన్యం జిల్లా, 96.37 శాతం. చివర నిలిచింది కర్నూలు, 62.47. మన్యం ధనిక జిల్లా ఏమీ కాదు. అక్కడ గిరిజన పిల్లల్లో ఎంతోమంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉంటారు. మార్చిలో కూడా బడిలోనే ఉంటారు. కర్నూలు పడమటి మండలాల్లో సంక్రాంతి దాటితే ఇళ్లకు తాళాలు పడతాయి. కోసిగి నుంచి, మంత్రాలయం నుంచి కుటుంబాలు గుంటూరు వైపు మిరపకోతలకు వెళతాయి, ఒక్కోసారి పిల్లలతో సహా. సరిగ్గా రివిజన్ జరగాల్సిన నెలలవి. మన్యం మాస్టర్ల కన్నా కర్నూలు మాస్టర్లు 34 పాయింట్లు తక్కువ మనుషులని ఎవరైనా అనగలరా? అనలేరు, మెమో మాత్రం ఇవ్వగలరు. అది అందుకున్న హెడ్మాస్టరు నిజం రాయాలంటే తుంగభద్ర దిగువ కాలువకు నీళ్లు ఎప్పుడొచ్చి ఎప్పుడాగాయో, ఊళ్లో ఉపాధి పని ఎన్నాళ్లు దొరికిందో, మిరప కోత కూలి ఎంతో, వలస కుటుంబాల పిల్లల కోసం సీజనల్ హాస్టల్ ఏ నెలలో తెరిచారో రాయాలి. అలా రాస్తే ఆ కాగితం జలవనరులకు పంపాలా, గ్రామీణాభివృద్ధికా, కార్మిక శాఖకా అని డీఈవో ఆఫీసులో ఎవరికీ పాలుపోదు. అందుకని ఆయన, ఇకపై మరింత శ్రద్ధ తీసుకుంటానని రెండు వాక్యాల సంజాయిషీ రాసి పంపిస్తాడు. దానితో ఫైలు మూసేస్తారు.