పేర్లు మారాయి, హాజరు పలకండి

మామిడి కోతలు అయిపోవచ్చాయంటే ముసునూరులో బడులు తెరిచే రోజు వచ్చినట్టే. జూన్ 12 నాటికి తోటల్లో అక్కడక్కడా కలెక్టరు కాయలు తప్ప మరేం మిగలవు. తోతాపురిని మా వైపు కలెక్టరు అంటాం లెండి. పెద్దయ్యాక ఏమవుతావురా అని మాస్టారు అడిగితే "కలెక్టరు" అన్న పిల్లాడి వంక రైతు తండ్రి జాలిగా చూడడానికి కారణం అదే. టన్ను ధర ఆయనకు తెలుసు.

బడి తెరిచాక పిల్లలు మొట్టమొదట నేర్చుకోవలసింది అక్షరాలు కాదు, పేర్లు. బ్యాగు, బూట్లు, బెల్టు, యూనిఫాం, పుస్తకాలు కలిపి ఇచ్చే కిట్టు 2020లో జగనన్న విద్యా కానుక. ఇప్పుడు అదే సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర. అమ్మ ఒడి పోయి తల్లికి వందనం వచ్చింది. నిన్నటిదాకా గోరుముద్ద తిన్నవాళ్లు నేడు డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం తింటున్నారు. ఈ సంగతి సాంబారుకు ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు. కోనసీమలో వేళాపాళా లేకుండా వచ్చినవాళ్లకల్లా అన్నం పెట్టిన సీతమ్మగారి పేరు అన్నానికి పెట్టడం కంటే తగిన పని ఇంకేముంటుంది? కాకపోతే ఆవిడ వడ్డించిన పప్పు ఇంత పలచగా ఉండేది కాదని నా గట్టి నమ్మకం.

పథకాల సంగతి సరే, బడికే ఒక పేరు నిలవడం లేదు. 2022లో 117వ నంబరు జీవో వచ్చి బడులన్నిటినీ ఆరు రకాలు చేసింది. మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలు చాలాచోట్ల బ్యాగు తగిలించుకుని హైస్కూలుకు నడిచారు. 2025లో ఆ జీవో రద్దయింది. పొరపాటు దిద్దుకున్నారు గనక ఇక ఒకటే రకం బడి ఉంటుందనుకున్న అమాయకులకు తొమ్మిది రకాలు కనిపించాయి. ఫౌండేషన్, బేసిక్ ప్రైమరీ, మోడల్ ప్రైమరీ, ఇలా. అంగన్‌వాడీ అయితే శాటిలైట్ ఫౌండేషన్ స్కూల్. శ్రీహరికోట తర్వాత రాష్ట్రంలో శాటిలైట్ అన్న మాట అంత గంభీరంగా వినిపించే చోటు అదే. అక్కడ పిల్లలు గుడ్డు తిని, పాలు తాగి, మధ్యాహ్నం నిద్రపోతారు. ఈ తొమ్మిది రకాల్లోకీ బుద్ధిగా నడుస్తున్నది అదొక్కటే అనిపిస్తుంది నాకు.

ఇక సెమిస్టర్. ఒకప్పుడు ఈ మాట ఇంజనీరింగు కాలేజీ గేటు దాటి బయటికి వచ్చేది కాదు. ఇప్పుడు ముక్కు తుడుచుకోవడం రాని ఒకటో తరగతివాడి పుస్తకం మీద కూడా 'సెమిస్టర్ 1' అని ఉంటుంది. పుస్తకాన్ని రెండు ముక్కలు చేశారు, బ్యాగు బరువు తగ్గింది, బాగుంది. లోపల ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. పిల్లవాడికి ఈ పేజీ అర్థమవుతుంది, పరీక్ష ఆ పేజీలోంచి వస్తుంది. మధ్యలో కుట్టు దగ్గర మాస్టారు ఉంటాడు.

ఆ మాస్టారు ఒక్కడే అయితే ఆయన పొద్దు ఎలా గడుస్తుందో చూడాలి. ముందు సొంత ఫోనుకు ముఖం చూపించి హాజరు వేయించుకోవాలి. 2022 నుంచి మాస్టారు వచ్చాడని ఊరంతా చూసినా చాలదు, ఫోను ఒప్పుకోవాలి. సిగ్నలు లేకపోతే వేపచెట్టు దాకా, అక్కడా రాకపోతే రోడ్డు దాకా నడవాలి. తర్వాత పిల్లల హాజరు, గుడ్ల లెక్క, బిగుతైన బూట్లు వెనక్కి పంపే లెక్క. ఆ మధ్య కొన్నాళ్లు మరుగుదొడ్ల ఫొటోలు కూడా ఆయనే తీసి పంపేవాడు. ఈలోగా ఒకటో తరగతివాడు అ దిద్దేస్తాడు, ఐదో తరగతివాడు భిన్నాల దగ్గర ఆగిపోతాడు, మూడో తరగతివాడు నాలుగో తరగతివాణ్ని కొడతాడు. ఐదు తరగతులకూ కలిపి వరండా ఒకటే, బెత్తం నిషిద్ధం.

విద్యాహక్కు చట్టం మాత్రం 2009లోనే తేల్చిచెప్పింది: పిల్లలు 60 మంది లోపున్నా ఇద్దరు టీచర్లు ఉండాల్సిందే. ఇద్దరూ ఉంటారు. ఒకరు వరండాలో, ఇంకొకరు పని సర్దుబాటు కింద పక్క ఊళ్లో. కాగితం మీద చట్టానికి ఏ లోటూ జరగదు. పైగా, పాఠాలు సరిగ్గా చెబుతున్నారో లేదో చూడడానికి మండలానికి ఎంఈవోలు ఇద్దరు. అలాంటి బడిలో చెప్పేవారు ఒకరు, చూసేవారు ఇద్దరు.

తల్లిదండ్రులు ఇదంతా గమనించకుండా ఉంటారా? పొద్దున ఏడింటికల్లా నూజివీడు వైపు పసుపుపచ్చ వ్యాన్లు బయల్దేరతాయి. మూడో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అట. కార్బైడు వేసి ముగ్గబెట్టిన కాయను చూడగానే పసిగట్టి పక్కన పెట్టే ఊరు మాది. పిల్లల విషయంలో మాత్రం ఎనిమిదేళ్లకే పండాలంటాం.

దీనికి పెట్టుబడి సర్కారుదే. తల్లికి వందనం 15 వేలలో 2 వేలు నిర్వహణకు పట్టుకుని 13 వేలు అమ్మ ఖాతాలో వేస్తారు, పిల్లవాడు ఏ బడిలో చదివినా సరే. అది సాయంత్రానికల్లా ప్రైవేటు ఫీజు కిందకి పోతుంది. పిల్లలు పోయారు గనక టీచరును తీసేస్తారు, టీచరు లేడు గనక మిగతా పిల్లలూ పోతారు. హైస్కూలు వయసు వచ్చాక కొందరికి సర్కారు బడి మీద ప్రేమ మళ్లీ పుట్టుకొస్తుంది. నూజివీడు ట్రిపుల్ ఐటీ ప్రవేశాల్లో ప్రభుత్వ బడి పిల్లలకు 4 శాతం కలుపుతారు మరి.

కాబట్టి అమరావతిలో ఉన్న అయ్యలకు ఒక విన్నపం. ముందు తరగతికో టీచరును ఇవ్వండి. ఆ తర్వాత అన్నానికీ బ్యాగుకూ మీకు నచ్చినవాళ్ల పేర్లు పెట్టుకోండి, ఎన్నిసార్లయినా మార్చుకోండి. కనీసం ఆ పేర్లను మా పిల్లలు తప్పుల్లేకుండా రాస్తారు.