కొండాపురంలో మంచు పడితే ఎట్లప్పా!

ఆఖరికి మన దాకా వచ్చింది. ప్రొద్దుటూరులో మొదలై, జమ్మలమడుగు దాటి, పులివెందుల చుట్టి కొండాపురం షెడ్డులో దిగింది. లక్ష దాటిన స్ప్లెండరు, మూడు లక్షలు దాటిన సుమో, ఎన్ని దాటిందో దానికే గుర్తులేని ట్రాక్టరు, అన్నిటికీ ఒకే అమృతం. ఫుల్ సింథటిక్. ఫోన్లో ఒకాయన చేతికి నల్ల గ్లౌజులేసుకొని, తేనె పోసినట్టు ఆయిలు పోసి చూపిస్తాంటాడు కదా, మీరూ చూసే ఉంటారు. చూడకపోతే మీ బావమరిది ఈపాటికి పంపే ఉంటాడు.

నాది 2003 నాటి బండి. మీటరు కేబులు తెగేనాటికే లక్షకు రెండు వేలు తక్కువ. మీటరు ఆగి ఎనిమిదేళ్లయింది, బండి మాత్రం ఆగలేదు. పోయిన నెల ఎప్పటిమాదిరి ఆయిలు మార్పించుకుందామని ఒక షెడ్డుకు పోయినా. నేను జేబులో చెయ్యి పెట్టేలోపే పిల్లోడు బంగారు రంగు డబ్బా మూత తిప్పేసినాడు.

“ఏందప్పా ఇది?”

“సింథటిక్ సార్. ఇది పోస్తే మీ బండి మళ్లీ షోరూం బండి అయితాది.”

“రేటు?”

“రేటు అట్లే ఉంటాది సార్. రెండు పాత డబ్బాల దుడ్లు. కానీ పది వేల కిలోమీటర్ల దాకా మూత తీసి చూసే పన్లేదు.”

వారం తిరక్కముందే వాకిట్లో బండ మీద నల్లటి మరక. రెండో వారం సైలెన్సరు నుంచి నీలిపొగ. మూడో వారం మూత తీసి చూస్తే పుల్ల కొసన తడి లేదు. మూత తీసి చూసే పన్లేదని పిల్లోడు ఎందుకన్నాడో అప్పుడు అర్థమయింది.

కారణం తర్వాత చెప్తా. ముందు ఆ డబ్బా మీది ఒక అక్షరం సంగతి తేల్చుకోవాలి. నా కడుపుమంటంతా దాని మీదే.

డబ్బా మీద 5డబ్ల్యూ-30 అని రాసి ఉంది. ఆ డబ్ల్యూ ఏంది అని అడిగితే పిల్లోడు తడుముకోకుండా “వరల్డ్ క్లాస్ సార్” అన్నాడు. కాదు నాయనా. అది వింటర్. చలికాలం. అమెరికా ఇంజనీర్ల సంఘం ఎస్ఏఈ రాసుకున్న లెక్క అది. మైనస్ 30 డిగ్రీల చలిలో కూడా ఇంజన్ బిగుసుకుపోకుండా తిరగనిస్తేనే ఆ ఆయిలుకు 5డబ్ల్యూ అన్న పేరు దక్కుతుంది. 0డబ్ల్యూ అయితే మైనస్ 35.

మైనస్ ముప్పై. కొండాపురంలో. మే నెల మధ్యాహ్నం సీటు మీద తడిగుడ్డ పరచుకొని కూర్చునే ఊర్లో, రాత్రి పదింటికి కూడా మిద్దె మీది బండలు కాళ్లు కాల్చే ఊర్లో. ‘కోల్డ్ స్టార్ట్’ నుంచి నా బండిని కాపాడతారంట! మా బండికి వేసవి పొద్దున ఐదు గంటలకు ట్యాంకు ముట్టుకుంటే నిన్నటి ఎండ ఇంకా తగుల్తాంటాది. మాకు చలంటే ధనుర్మాసంలో గుడి మైకు మోగేటప్పుడు దుప్పటి ఇంకొంచెం పైకి లాక్కోవడం. అంతకు మించి మేమెరగం.

ఇంకా చిత్రం వినండి. ఇన్నేళ్లూ మనం పోసుకున్న 20డబ్ల్యూ-40 డబ్బా ఉంది కదా, ఇప్పుడు అందరూ ఎగతాళి చేసేది, దానికి కూడా మైనస్ 15 దాకా పరీక్ష పాసైన యోగ్యత ఉంది. ఆంధ్రప్రదేశ్ మొత్తానికి చలికి పేరు మోసిన ఊరు చింతపల్లి మండలం లంబసింగి. అక్కడ చలి సున్నా దగ్గరికొస్తే చాలు, పేపర్లలో ఫొటోలు, ఘాట్‌రోడ్డు నిండా కార్లు. అంటే పాత డబ్బాతోనే లంబసింగి పోయి, అక్కడి నుంచి ఇంకా పదిహేను డిగ్రీలు కిందికి దిగగలిగేవాళ్లం. ఆ పదిహేనే ఇంతవరకు వాడుకోలేదు, ఇప్పుడు ఇంకో పదిహేను కొనుక్కోమంటున్నారు. చిత్రావతి గడ్డకట్టి, గండికోట లోయలో పెన్న మీద పిల్లోళ్లు జారుడుబండ ఆడే రోజొస్తే కడప జిల్లాలో స్టార్టయ్యే బండి నాదొక్కటే. ఆ రోజు కోసం దుడ్లు కట్టినా.

ఇకమీదట ఆ డబ్బా అమ్మేటోళ్లు మే నెలలో స్వెట్టరు తొడుక్కొని అమ్మాల. కొనేవాడికి సరుకేందో తెలియాల కదా.

అసలు మనకు కావాల్సిన అంకె రెండోది. ఇంజన్ వేడెక్కి నూరు డిగ్రీలకు చేరినప్పుడు ఆయిలు ఎంత చిక్కగా నిలబడుతుందో అది చెప్తుంది. 40 చిక్కన, 30 పలచన. కొత్త ఇంజన్‌లో సందులు సన్నం కాబట్టి పలచనిది చాలు. నా ఇంజన్‌లో బోరు అరిగింది, రింగులు అరిగినాయి, సీళ్లు గట్టిపడి బీటలిచ్చినాయి. ఆ బీటల్ని ఇన్నేళ్లూ మూసి పట్టుకున్నది లోపల పేరుకున్న మడ్డి. కొత్త ఆయిలు వచ్చి ఆ మడ్డిని శుభ్రంగా కడిగి, తెరుచుకున్న దారిలోనే తానూ బయటికి నడిచింది.

సింథటిక్ చెడ్డదని నేననను. ఎండకు తొందరగా మాడిపోదు, మంచి సరుకే. అదే 40 గ్రేడులో, సీళ్లు గట్టిగా ఉన్న ఇంజన్‌లో పోసుకోండి, నాకేం పేచీ లేదు. అంకె చూడకుండా, ఇంజన్ చూడకుండా, డబ్బా రంగు చూసి పోసే తెలివితేటలకే నా దండం.

సింథటిక్ అన్న పేరుకు కూడా ఒక కథ ఉంది. నేలనూనెనే గట్టిగా శుద్ధి చేసి సింథటిక్ అని అమ్ముతున్నారని అమెరికాలో మొబిల్ వాళ్లు కాస్ట్రాల్ మీద పంచాయితీ పెట్టినారు. 1999లో ప్రకటనల తగువులు తీర్చే సంస్థ కాస్ట్రాల్ వైపే తీర్పు చెప్పింది. ప్రొద్దుటూరు అంగట్లో ఒక గ్రాము పూత నగను బంగారమని అమ్మి చూడమనండి, ఏమయితాదో. తులం బంగారానికి గీటురాయి అడిగే మనమే లీటరు ఆయిలుకు స్టిక్కరు చూసి తలూపుతున్నాం.

మిగతావి ఒక్కో మాటలో. పదివేల కిలోమీటర్ల మాట ఆయిలు తాగని ఇంజన్‌కు చెప్పండి. బైకు క్లచ్ ఆయిల్లోనే మునిగి ఉంటుంది కాబట్టి డబ్బా మీద జాసో ఎంఏ ముద్ర లేని కారు ఆయిలు పోస్తే ప్లేట్లు జారతాయి. ఖాళీ డబ్బాకు బొక్క పొడవకుండా షెడ్డులో వదిలి రావద్దు, అది మళ్లీ నిండుతుంది. ఇక మన కడప ఉక్కు ఫ్యాక్టరీకి 2007లో, 2018లో, 2019లో, 2023లో పునాదిరాళ్లు పడినాయి. ఆ ఇంజన్‌కు ఏ ఆయిలు పోస్తే స్టార్టయితాదో ఆ గ్లౌజుల ఆయన్నే అడగాల.

నవ్వులు చాలు. మేం పాత బండ్లు నడిపేది మోజుకు కాదు. కొత్తది కొనే దారి లేక. 2020లో గండికోట జలాశయం నీళ్లు తాళ్లప్రొద్దుటూరు ఊర్లోకి వచ్చినప్పుడు జనం తలుపులు, దూలాలు ఊడదీసుకొని ఎక్కించింది ఇట్లాంటి పాత ట్రాక్టర్లకే. షేర్ ఆటో నడిపేవాడు ఆ డబ్బాకిచ్చే డబ్బు ఆ పూట ఇంట్లో కూరాకుది, పిల్లోడి నోటుబుక్కుది. అరిగిన బోరును ఏ డబ్బా పూడ్చదు, లేత్ మిషన్ దగ్గరికి పోవాల్సిందే. ఆ మాట అమ్మేవాడికి తెలుసు. తెలిసే అమ్ముతాడు. బండి ఆగితే “నీ ఇంజన్ అయిపోయిందన్నా” అంటాడు. తప్పు డబ్బాది కాదు, కొన్నవాడిది. పేదోడి భయాన్ని లీటర్ల లెక్కన అమ్మడమంటే ఇదే.

నా ఇంజన్‌ను తిన్నది చలి కాదు, దుమ్ము. బండల ఫ్యాక్టరీల పొడి, సిమెంటు లారీల పొడి, పొలం మట్టి. ఎయిర్ ఫిల్టరు ఊడదీసి చూస్తే కడప బండలో సగం అందులోనే ఉంది. ఆ ఫిల్టరు ధర ఆ డబ్బాలో సగం కూడా లేదు. ఎనిమిదేళ్లుగా మార్చంది నేనే; ఆ తప్పు ఎవరి మీదా రుద్దను. కానీ నల్ల గ్లౌజులాయన ఒక్కసారైనా ఫిల్టరు పేరెత్తినాడా? ఎత్తడు. దానికి బంగారు డబ్బా రాదు.

పాత 20డబ్ల్యూ-40కే తిరిగొచ్చినా. ఫిల్టరు మార్చినా. కారడం తగ్గింది, పొగ తగ్గలేదు. పంట డబ్బులొస్తే బోరు కొట్టించాల. ఆ రోజు షెడ్డు పిల్లోడు ట్యాంకు మీద అతికించిన ‘ఫుల్ సింథటిక్’ స్టిక్కరు మాత్రం గోటితో గీకినా, కిరసనాయిలు పూసినా రావడం లేదు. ఆ డబ్బాతో వచ్చిన సరుకులో నా బండిని గట్టిగా పట్టుకున్నది అదొక్కటే.