కుయ్‌మంటే చాలు

ఇంగ్లండులో కోతలై చేలు ఖాళీ అయ్యాక ఏ ఆదివారమైనా పల్లెల వైపు వెళ్లి చూడండి. గోధుమ మోళ్ల మధ్య తలలు వంచుకుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, పొడుగాటి కర్ర చివరనున్న గుండ్రటి చట్రాన్ని నేలకు ఆనీ ఆనకుండా ఊపుకుంటూ నడిచే మనుషులు కనిపిస్తారు. పాపం, ఏం పోగొట్టుకున్నారోనని జాలిపడకండి. పోగొట్టుకున్నది వాళ్లు కాదు. ఏడెనిమిది వందల ఏళ్ల కిందట ఎవరో పోగొట్టుకుంటే వీళ్లు వెతికిపెడుతున్నారు, ఎవరూ అడక్కపోయినా.

ఇలాంటివాళ్ల ప్రతి క్లబ్బులోనూ ఒక పెద్దమనిషి ఉంటాడు. చేతిలోది మెటల్ డిటెక్టరు కాబట్టి డిటెక్టరు దొర అందాం. ఉద్యోగం నుంచి రిటైరయ్యాడు గానీ ఆశ నుంచి కాలేదు. వేషం యుద్ధానికి వెళ్లే సైనికుడిది: ఆకుపచ్చ మచ్చల ప్యాంటు, మచ్చల టోపీ, మోకాళ్లకు మెత్తలు. మట్టిలో ఉన్న నాణెం మనిషిని చూసి పారిపోదు కదండీ, ఈ మాటు వేషం ఎందుకని అడిగితే నొచ్చుకుంటాడు. నడుముకు రెండు సంచులు. ఒకటి చెత్తకు, ఒకటి నిధికి. నిధి సంచి ఎప్పటికీ కొత్తగానే ఉంటుంది.

మెషిను ఇనుము తగిలితే బొంగురుగా గొణుగుతుంది, వెండి తగిలితే సన్నగా కుయ్‌మంటుంది. చిక్కల్లా బంగారంతోనే. బీరు డబ్బా తెరిచే అల్యూమినియం రింగూ, సన్నపాటి బంగారు ఉంగరమూ దాని చెవికి ఇంచుమించు ఒకేలా వినిపిస్తాయి. రింగే అయ్యుంటుందిలే అని వదిలేస్తే రాత్రి నిద్ర పట్టదు. అందుకని దొర ప్రతిసారీ మోకాళ్ల మీద కూలబడి, కొత్తల్లుడు కూర గిన్నె మూత తీసినంత ఆశగా మట్టి తీస్తాడు. రింగే వస్తుంది. ఆయన మాత్రం ఓడిపోడు. దాన్ని వెలుతురులో తిప్పి చూసి, "ఇది చాలా పాతది. డబ్బా నుంచి ఊడొచ్చే ఈ రకం ఇప్పుడు తయారు చెయ్యట్లేదు, తెలుసా?" అంటాడు. తుపాకీ తోటాల ఇత్తడి అడుగులు, కోటు గుండీలు, సీసపు గుండ్లు, అన్నిటికీ ఆయన దగ్గర ఒక వంశవృక్షం ఉంటుంది.

"డబ్బు కోసం కాదోయ్, చరిత్ర కోసం" అన్నది ఆయన నిత్యపారాయణ. ఆ వెంటనే వచ్చేది హాక్స్‌న్ కథ. 1992లో సఫక్‌లో ఒక రైతు సుత్తి పొలంలో పోయింది. వెతికిపెట్టమని స్నేహితుణ్ణి పిలిచాడు. ఆ స్నేహితుడు డిటెక్టరు పట్టుకెళ్తే తగిలింది రోమన్ల బంగారం, వెండి: దాదాపు 15,000 నాణేలు, నగలు, చెంచాలు. ఆయన కొంత తియ్యగానే ఆపి కబురు పెట్టడంతో, మిగతాది పురావస్తువాళ్లు పద్ధతిగా తవ్వారు. సుత్తి కూడా దొరికింది, అదీ ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలోనే ఉంది. కథలో చరిత్ర భాగం చెప్పేటప్పుడు దొర శతాబ్దాలు తడబడతాడు గానీ, బహుమతి 17.5 లక్షల పౌండ్లన్న దగ్గర మాత్రం పెన్నీ తేడా రానివ్వడు.

మా క్లబ్బులో ఒక ఖమ్మం కుర్రాడు చేరాడు. ఈ సంగతి విని వాళ్లమ్మ ఫోన్లో, "ఏరా, గుప్తనిధులు తవ్వుతున్నావట? పోలీసులు పట్టుకుపోరూ? అయినా నిమ్మకాయలేవైనా తీసుకెళ్తున్నావా?" అని అడిగిందట. అమావాస్య అర్ధరాత్రి పాడుబడ్డ గుళ్ల వెనక తవ్వకాలు తెలిసిన తల్లికి, పట్టపగలు సాండ్‌విచ్‌లూ ఫ్లాస్కూ పట్టుకుని, రైతు అనుమతితో, దొరికినదాంట్లో చెరి సగమన్న ఒప్పందంతో నిధికి వెళ్లడం ఏం అర్థమవుతుంది? ఇక్కడా అర్ధరాత్రి బ్యాచ్ లేకపోలేదు. వాళ్ల పేరెత్తితే దొర ముఖం కందగడ్డవుతుంది. లెమ్‌స్టర్ దగ్గర 2015లో వైకింగుల కాలపు నిధి దొరికితే దాచేసి అమ్ముకున్నవాళ్లు 2019లో జైలుకెళ్లారని క్లబ్బు సమావేశాల్లో పదే పదే గుర్తుచేస్తాడు. అంత పెద్ద నిధి వాళ్లకే తగలాలా అన్న బాధ కూడా ఆ కోపంలో కొంత ఉందని నా అనుమానం.

మొన్నటి ఆదివారం నిజంగానే నాణేలు బయటపడ్డాయి. దొరకు కాదు. క్లబ్బులో నోరెత్తి మాట్లాడని ఒకావిడకు. చిటికెన వేలి గోరంత వెండి ముక్క, సగానికి కత్తిరించిన పెన్నీ. వెనక అంచుదాకా సాగిన శిలువ ఉంది. అంచులు కత్తిరించి వెండి కాజేసేవాళ్ల బెడద పడలేక మూడో హెన్రీ కాలంలో, 1247లో మొదలెట్టిన అచ్చు అది. అప్పట్లో చిల్లర కావాలంటే ఆ శిలువ గీత వెంట కోస్తే అర పెన్నీ, మళ్లీ కోస్తే పావు పెన్నీ. మన కిరాణా కొట్టువాడైతే చాక్లెట్ చేతిలో పెట్టేవాడు.

అందరూ "భేష్" అన్నారు. అంటూనే, మర్యాదకు ఎక్కడా లోటు రాకుండా, ఆవిడ చుట్టూ వలయం బిగించారు. అప్పటిదాకా పొలం అవతలి మూలే శ్రేష్ఠమన్న దొర కూడా, మెషిను దానంతటదే ఇటు లాగుతోందన్నట్టు వచ్చేశాడు. మళ్లీ కుయ్‌మంది. మళ్లీ ఆవిడకే. ఇంకో సగం పెన్నీ.

అసలు తంటా ఇక్కడే. 1996 నాటి ట్రెజర్ చట్టం ప్రకారం మూడొందల ఏళ్లు దాటిన వెండి నాణెం ఒంటరిగా దొరికితే మామూలుగా అది నిధి కాదు. ఒకే చోట దాచినవో ఒకేసారి పడిపోయినవో రెండు దొరికాయా, నిధి. 14 రోజుల్లోగా కరోనర్‌కు తెలియజెయ్యాలి. కరోనర్ అంటే అనుమానాస్పద మరణాల మీద విచారణ జరిపే అధికారి. శవం దొరికినా వెండి దొరికినా ఈ దేశంలో కబురు ఆయనకే. తరవాత మ్యూజియంవాళ్లు చూడాలి, వెల కట్టాలి. ఏడాది దాటడం మామూలే.

దాంతో పొలం మధ్యనే కోర్టు మొదలైంది. రెండు ముక్కలూ ఒకే సంచిలోంచి పడ్డాయా, ఇద్దరి జేబుల్లోంచా? చిల్లి సంచి వర్తకుడని కొందరు, తాగి సంతనుంచి వస్తున్న ఇద్దరు అన్నదమ్ములని కొందరు. దొర తీర్పు చెప్పాడు: "అది తేల్చడానికి జిల్లాలో ఆఫీసరున్నాడు, ఆయనకు చూపించండి. అయినా ఈ మూల సంగతి నేను ముందే చెప్పాను." చెప్పినట్టు ఎవరికీ గుర్తులేదు.

ఆవిడ మీదికి పోయిన కళ్లను మళ్లించడానికి దొర తన సంచి విప్పాడు. జానెడు పొడవు, తుప్పుపట్టిన ఇనుము, ఒక కొస కోసు. "సాక్సన్ల బల్లెం మొన" అన్నాడు. వంపు చూడమన్నాడు, బరువు చూడమన్నాడు, దాన్ని పట్టినవాడు ఎడమచేతివాటం వాడన్నాడు. మొదటిసారి నిధి సంచికి మట్టి అంటింది.

సాయంత్రం రైతు టీ తెచ్చాడు. వెండి ముక్కల్ని చూసి తలూపాడు. తరవాత బల్లెం చేతిలోకి తీసుకుని ముఖం విప్పార్చాడు.

"అరె, నా నాగలి ముక్క! మార్చిలో విరిగింది. ఎంత వెతికానో. చాలా థాంక్సండీ" అని కోటు జేబులో వేసుకున్నాడు.

దొర ఒక్క క్షణం ఆలోచించాడు.

"ఒప్పందం ప్రకారం," అన్నాడు, "అందులో సగం నాది."